మూడో వరస దాటని గొంతు

పరీక్ష రోజుకి నికాసియో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి. పళ్ళ మధ్య సీసా బిరడా పెట్టుకుని కాసేపు మాట్లాడాలి. మేడ మీదికెళ్ళి నాలుగు కేకలు పెట్టాలి. చన్నీళ్ళు పోసుకుని పదింటికల్లా నాటక బడికి చేరాలి. ఇందులో రోడ్డు మూసెయ్యడం అనే అంశం ఎక్కడా లేదు. పోలీసులతో చర్చలు అసలే లేవు.

చన్నీళ్ళు ఎందుకంటే, వారం నుంచి ఒబ్రెరా పేటలో ఎవరింట్లోనూ గ్యాస్ లేదు. గ్యాస్ లారీల డ్రైవర్లు సమ్మెలో ఉన్నారని కొందరు, సమ్మె అయిపోయింది గానీ వాళ్ళ అలక ఇంకా తీరలేదని కొందరు. కారణం ఏదైనా పేట మొత్తం సగం ఉడికిన చిక్కుడు గింజలు నములుతూ, చన్నీళ్ళ స్నానాలు చేస్తూ, కనపడిన ప్రతి మనిషి మీదా కస్సుమంటూ బతుకుతోంది.

నికాసియో నటుడవుదామని మెరిదా నుంచి మెక్సికో నగరానికి వచ్చాడు. మొహం బాగుంటుంది. ఏడుపు సీను ఇస్తే చూసేవాళ్ళ ముక్కులు కూడా కారతాయి. ఉన్నది ఒక్కటే లోపం, అతని గొంతు మూడో వరస దాటదు. నాలుగో వరసలో కూర్చున్నవాళ్ళకి అతను తొట్టిలో చేపలాగా నోరు తెరిచి మూస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ వినపడే కాస్తలోనూ మెరిదా యాస. "నువ్వు మాట్లాడుతుంటే పక్కన ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నట్టుంటుందయ్యా," అనేవారు ఒబ్దూలియా మేడం.

స్వరం, యాస, పాట, ఈ మూడూ నేర్పేది ఆ మేడమే. స్వరం పరీక్షలో రెండుసార్లు తప్పితే ఇంటికి పంపించేస్తారు, అది బడి నియమం. నికాసియో ఒకసారి తప్పేశాడు. మెరిదాలో అతని మేనమామకి పడుకునే వల ఉయ్యాలల కొట్టుంది. "నీకోసం ఒక స్టూలు ఖాళీగానే ఉంచానురా," అని ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ప్రేమగా చెప్తాడు. ఆ ప్రేమ గుర్తొస్తే నికాసియోకి నిద్ర పట్టదు.

మేడం చెయ్యని ప్రయత్నం లేదు. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద లావుపాటి నిఘంటువు పెట్టి, ఊపిరితో దాన్ని పైకి లేపమన్నారు. నిఘంటువు లేవలేదు. కాసేపటికి నికాసియో కూడా లేవలేదు, నిద్రపోయాడు. చెవులు రెండూ అరచేతుల్తో మూసుకుని అరవమన్నారు, అలా అరిస్తే గొంతు పొట్టలోంచి వస్తోందో ముక్కులోంచి వస్తోందో లోపల తెలుస్తుందట. నికాసియోకి ఎక్కణ్ణుంచీ రానట్టు తెలిసింది. చివరికి ఆవిడకి విసుగొచ్చేసింది.

"గ్యాస్ వాణ్ణి ఎప్పుడైనా విన్నావా నువ్వు? భుజం మీద ఇనప సిలిండరు పెట్టుకుని వీధిలోంచి ఒక్క కేక పెడితే, అయిదో అంతస్తులో స్నానం చేస్తున్నవాడు సబ్బుతో సహా బయటికొస్తాడు. వాడు ఏ నాటక బడిలో చదివాడు? వెళ్ళు. వెళ్ళి వాడిలా అరవడం నేర్చుకుని రా!"

మేడం ఇది ఏదో మాటవరసకి అన్నారు. నికాసియోకి మాటవరస అనేది ఒకటి ఉంటుందని తెలియదు.

"ఎక్కడికిరా ఇంత పొద్దున్నే?" అన్నాడు తదేయో, దుప్పట్లోంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి. తదేయోదీ అదే గది, అదే బడి, అదే క్లాసు. గొంతు మాత్రం వాడు నిద్రలో గొణిగినా కింది వాటా వాళ్ళకి కల అర్థమయ్యేంత ఉంటుంది.

"మేడ మీదికి. గ్యాస్ కేక పెట్టడానికి."

"పేటలో వారం నుంచి గ్యాస్ లేదు కదరా."

"నేనేం అమ్మట్లేదుగా. ఊరికే అరుస్తున్నానంతే."

తదేయో రెండో కన్ను కూడా తెరిచి, ఒక క్షణం ఆలోచించి, రెండూ మూసుకున్నాడు. స్నేహితుణ్ణి కాపాడే అవకాశం అలా పోయింది.

మేడ మీద నీళ్ళ ట్యాంకులు, దండేల నిండా దుప్పట్లు. ఆ దుప్పట్ల వెనకాల కింది వాటా పెద్దావిడ దొన్యా చోనా బట్టలు ఆరేస్తోంది, ఆవిడ చెప్పులు మాత్రం కనపడుతున్నాయి. దొన్యా చోనా రోజూ వాకిట్లో పెనం పెట్టుకుని గోర్దితాలు కాల్చి అమ్ముతుంది. మందపాటి మొక్కజొన్న రొట్టెలు, లోపల కూరిన కూర, తిన్నవాడు మధ్యాహ్నం దాకా మళ్ళీ ఆకలనడు. వారం నుంచి పెనం చల్లగా ఉంది, ఆవిడ వేడిగా ఉంది.

నికాసియో కాళ్ళు ఎడంగా పెట్టి, కళ్ళు మూసి, చెవులు కూడా అరచేతుల్తో మూసుకుని మొదలెట్టాడు.

"గ్యాస్."

ట్యాంకు మీది పావురం అతని వంక చూసి, తనని కాదనుకుని మళ్ళీ ఈకలు సర్దుకుంది.

"గ్యాఆస్."

పావురం ఈసారి చూడను కూడా లేదు. అప్పుడు నికాసియో కళ్ళ ముందుకి మెరిదాలో ఖాళీగా ఉన్న స్టూలు వచ్చి నిలబడింది. కడుపులో ఉన్న భయమంతా కూడగట్టి వదిలాడు.

"గ్యాఆఆఆఆస్!"

ఊపిరి అయిపోయేదాకా వదిలి, కళ్ళు, మేడం చెప్పినట్టు చెవులు మూసుకునే ఉండి, తన లోపలి ధ్వనిని చాలాసేపు ఆస్వాదించాడు. కళ్ళు తెరిచేసరికి పావురం లేదు. దొన్యా చోనా చెప్పులూ లేవు, దండెం మీద ఒకే ఒక్క క్లిప్పుకి ఆవిడ లంగా తలకిందులుగా వేలాడుతోంది. ఎదురుగా వీధి పొడుగునా కిటికీలన్నీ టపటపా తెరుచుకుంటున్నాయి. బాల్కనీల్లోకి మనుషులు ఎగబడుతున్నారు. ఒకాయన నిజంగానే ఒంటినిండా సబ్బుతో వచ్చాడు.

నికాసియో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీధి చివరి దాకా వెళ్ళింది," అనుకున్నాడు. రెండేళ్ళ కష్టం ఫలించింది. ఆ ఆనందంలో అసలు ఏమని అరిచాడో మర్చిపోయాడు.

మెట్ల మీదకి వచ్చాక గుర్తొచ్చింది. అయిదంతస్తుల వాళ్ళూ ఖాళీ సిలిండర్లు దొర్లించుకుంటూ ఒకేసారి దిగుతున్నారు. ఆ చప్పుడుకి గోడల సున్నం రాలుతోంది. నికాసియో గోడకి అతుక్కుని దిగి, వాకిట్లోకి వచ్చాడు. లారీ లేదు. వీధి నిండా జనం, జనం నిండా సిలిండర్లు.

"లారీ ఏదీ?" అంది దొన్యా చోనా, వీధికి అటూ ఇటూ చూసి.

"లారీ లేదండీ. నేను పరీక్షకి సాధన చేస్తున్నా," అన్నాడు నికాసియో. ఈ మాట ఇద్దరు మనుషుల దాకా వెళ్ళి అక్కడే చతికిలపడింది.

"ఏమంటున్నాడు?" అన్నారు వెనకాల్నుంచి.

"లారీ లేదంటున్నాడు."

"ఇందాకే వచ్చిందిగా! వచ్చింది లేదంటే, వెళ్ళిపోయిందన్నమాట!"

"ఎటెళ్ళింది?"

"మేడ మీదున్నవాడికి తెలియాలి. అబ్బాయ్, ఎటెళ్ళింది?"

"ఎటూ వెళ్ళలేదండీ, అసలు..."

"చెప్పడానికి భయపడుతున్నాడు," అన్నాడు దోన్ ఎపిఫానియో. ఆయన మెట్రోలో ఉద్యోగం చేసి రిటైరై, అప్పట్నుంచీ కుట్రలు కనిపెడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. "చూశారా మొహం ఎలా పాలిపోయిందో! మన లారీని పక్క పేట వాళ్ళు మలుపులోనే ఆపి మళ్ళించేశారు. నాకు ముందే తెలుసు. పక్క పేటలో ఒక్కడికైనా చన్నీళ్ళకి జలుబు చేసిందా ఈ వారం?"

ఎవరూ లెక్క చూడలేదు గానీ అందరికీ అనుమానం మాత్రం వచ్చేసింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ ఊళ్ళో నీళ్ళు రాకపోతే రోడ్డు మూస్తారు. కరెంటు రాకపోతే రోడ్డు మూస్తారు. రోడ్డు బాగోలేకపోయినా రోడ్డే మూస్తారు. నికాసియో చన్నీళ్ళ స్నానం గురించి ఆలోచిస్తుండగానే పెద్ద రోడ్డుకి అడ్డంగా సిలిండర్లు వరసకట్టేశాయి. వాటి మీద ఒకావిడ దుప్పటి పరిచి కూర్చుని, అల్లిక కూడా మొదలుపెట్టేసింది. హారన్లు అటు కొస నుంచి ఇటు కొస దాకా మోగుతున్నాయి.

నికాసియో సందులోంచి మెల్లిగా జారుకోబోయాడు. దొన్యా చోనా అతని చొక్కా వెనకనుంచి పట్టుకుంది.

"ఎక్కడికి నాయనా?"

"నాకు పదింటికి పరీక్ష ఉంది దొన్యా. పోకపోతే బడిలోంచి తీసేస్తారు. మెరిదా వెళ్ళి ఉయ్యాలలు అమ్ముకోవాలి."

"ఉయ్యాలలు మంచివే కదా. నడుంనొప్పి రాదు."

"దొన్యా!"

"నువ్వెళ్ళిపోతే ఎలా నాయనా? లారీని చూసిన సాక్షివి నువ్వొక్కడివే. సాక్షి లేకపోతే మేమంతా ఊరికే రోడ్డు మూసినట్టవుతుంది. గ్యాస్ రానీ, నేనే నిన్ను చెయ్యి పట్టుకుని బడికి దింపుతా."

అంతలో ట్రాఫిక్ పోలీసు వచ్చి, సిలిండర్ల వైపు చూసి, టోపీ తీసి, నుదురు తుడుచుకుని, "మీ నాయకుడెవరు?" అన్నాడు. ఉన్న వేళ్ళన్నీ నికాసియో వైపు తిరిగాయి.

"సార్, నేను నాయకుణ్ణి కాదు. నేను విద్యార్థిని," అన్నాడు నికాసియో.

"ఏంటీ? గట్టిగా చెప్పవయ్యా, హారన్లలో ఏమీ వినపట్లేదు."

"నేను నాయకుణ్ణి కాదు సార్!"

పోలీసు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూశాడు. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. రెండడుగులు వెనక్కి వేసి వైర్లెస్‌లో పై అధికారికి చెప్పాడు. "నాయకుడు చాలా మెల్లిగా మాట్లాడుతున్నాడు సార్. ఆవేశం అన్నదే లేదు. ప్రమాదకరమైన మనిషిలా ఉన్నాడు."

పేటవాళ్ళకి ఆ మాట వినపడింది. నాయకుడి మీద గౌరవం పెరిగి, అతన్ని పళ్ళ పెట్టె మీదికి ఎక్కించారు.

పెట్టె మీదినుంచి చూస్తే కనుచూపుమేరా కార్లే. వాటి మధ్యలోంచి తదేయో సైకిల్ తొక్కుకుంటూ, నోట్లో తమాలే, అంటే ఉడికించిన మొక్కజొన్న ముద్ద, పెట్టిన బన్నుతో వచ్చాడు.

"ఒరేయ్ నాయకా! ఏంట్రా ఈ వేషం?"

"కాపాడరా!"

"ఏంటీ?"

"కాపాడరా తదేయో!"

"వినపట్లేదురా! పొట్టలోంచి, పొట్టలోంచి!" అని తదేయో తన పొట్ట కొట్టుకుని చూపించి, "సర్లే, బడిలో కలుద్దాం. ఇవాళైనా మేడంకి వినపడేలా చెప్పు," అనేసి సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నికాసియోకి కోపం, ఏడుపు, ఆకలి మూడూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత ఒక విషయం అర్థమైంది. గ్యాస్ వస్తేనే తనని వదుల్తారు. వదిల్తేనే పరీక్ష. అంటే ఈ పేటలో గ్యాస్ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది తనకే. తను మాత్రం గ్యాస్ పొయ్యి కూడా లేని గదిలో ఉంటాడు, అది వేరే సంగతి.

కాళ్ళు ఎడంగా పెట్టాడు. అరచేతుల్తో చెవులు మూసుకున్నాడు. నాయకుడు చెవులు మూసుకుని నినాదాలివ్వడం ఒబ్రెరా పేట అంతకుముందు చూడలేదు. "ప్రజల బాధ వినలేకపోతున్నాడు పాపం," అని ఒకావిడ కళ్ళొత్తుకుంది.

"గ్యాస్ ఇవ్వండి! రోడ్డు తీస్తాం!"

దొన్యా చోనా అతని పెట్టె పక్కనే నిలబడి అందుకుంది. జనం అందుకున్నారు. రోడ్డు దద్దరిల్లింది. అరచేతుల సందులోంచి లీలగా వినపడుతున్న ఆ హోరుకి నికాసియోకి ఒళ్ళు పులకరించింది. తన నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడో ఫ్లైఓవర్ మీదున్న బస్సులో జనాన్ని కూడా కిటికీల్లోకి తెస్తోంది! అరిచాడు. మళ్ళీ అరిచాడు. గొంతులో ఏదో చిరిగినట్టనిపించినా లెక్కచెయ్యకుండా అరిచాడు.

చివరికి పైవాళ్ళకి తలనొప్పి భరించరానిదైపోయింది. ముందు మోటారు సైకిళ్ళ మీద పోలీసులు, వెనక వరసగా గ్యాస్ లారీలు. ఆ పేటలో పెళ్ళికూతుళ్ళకి కూడా అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. మరుక్షణం నాయకుణ్ణి చూసేవాడు లేడు. పెట్టె మీదినుంచి దింపేవాడు కూడా లేడు. చెయ్యి పట్టుకుని దింపుతానన్న దొన్యా చోనా అందరికన్నా ముందు వరసలో సిలిండరు పట్టుకుని నిలబడింది. నికాసియో దూకి పరిగెత్తాడు.

బడికి చేరేసరికి పదకొండు దాటిపోయింది. అయిపోయింది, ఇక ఉయ్యాలలే, అనుకుంటూ హాల్లోకి తొంగిచూస్తే పరీక్ష ఇంకా మొదలే కాలేదు. ఒబ్దూలియా మేడం, బయటినుంచి పిలిపించిన ఇద్దరు పరీక్షకులు అప్పుడే చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటున్నారు. ముగ్గురూ ఒకే టాక్సీలో, ఆ రోడ్డు మీదే ఇరుక్కుపోయారట.

"పొద్దున్నంతా నాశనమైంది," అంటున్నారు మేడం. "కానీ ఒక గొంతు విన్నాను చూడండీ! మేమెక్కడో వంతెన అవతల ఉన్నాం. టాక్సీ అద్దాలు మూసి ఉన్నాయి. డ్రైవరు రేడియో పెట్టాడు. అయినా గ్యాస్ అని వినపడింది. నా డొక్కలో తగిలింది! నా సర్వీసులో అలాంటి గొంతు విన్లేదు."

నికాసియో గుండె పొంగి గొంతులోకొచ్చింది. అరిచి అరిచి వాచిపోయి అక్కడ అప్పటికే చోటు లేదు.

"రా నికాసియో. నీతోనే మొదలెడదాం. ముందు సంభాషణ," అన్నారు మేడం.

నికాసియో వేదిక మధ్యకి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, నోరు తెరిచాడు. తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక చిన్న చప్పుడొచ్చి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి అదీ రాలేదు.

"గట్టిగా," అన్నారు మేడం.

"ఆ గొంతు నాదే మేడం," అన్నాడు నికాసియో. మొదటి వరసలో ఉన్న పరీక్షకుడు మేడం వైపు తిరిగి, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"రోడ్డు మీద అరిచింది నేనే!"

"చూశారా," అన్నారు మేడం నీరసంగా. "ఇదివరకు మూడో వరస దాటేది కాదు. ఇప్పుడు పెదాలు కూడా దాటట్లేదు. పోనీ పాట పాడు."

పాట ఎత్తుకుంటే ఎవరో బండమీద కుర్చీ లాగినట్టనిపించింది. పరీక్షకుల్లో రెండోవాడు నిజంగానే ఎవరి కుర్చీ జరిగిందోనని చుట్టూ చూశాడు.

"స్వరం సున్నా, పాట సున్నా," అన్నారు మేడం. "ఇక యాస. మాటే లేదు కాబట్టి యాసా లేదు. రెండేళ్ళలో మొదటిసారి నీ మెరిదా యాస వినపళ్ళేదయ్యా. దానికి మాత్రం పూర్తి మార్కులిస్తున్నా. అయినా పాస్ అవ్వవు."

నికాసియో చేతుల్తో సైగలు మొదలుపెట్టాడు. సిలిండరు మోస్తున్నట్టు చూపించాడు, రోడ్డు చూపించాడు, పళ్ళ పెట్టె చూపించాడు. "మూకాభినయం పరీక్ష వచ్చే వారం," అన్నారు మేడం.

సరిగ్గా అప్పుడు బయట వరండాలోంచి వినపడింది.

"నికాసియో! నాయనా! ఎక్కడున్నావ్?"

హాలు కిటికీల అద్దాలు జలదరించాయి. మొదటి పరీక్షకుడి చేతిలో పెన్ను జారి పడింది. ఒబ్దూలియా మేడం కుర్చీలోంచి మెల్లిగా లేచి నిలబడ్డారు. ఆవిడ మొహం గుళ్ళో దేవత ప్రత్యక్షమైన భక్తురాలి మొహంలా ఉంది.

"ఆ గొంతే," అన్నారు గొణుగుతూ.

దొన్యా చోనా గుడ్డలో చుట్టిన గోర్దితాల బుట్టతో లోపలికొచ్చింది. "ఇక్కడున్నావా! కొత్త గ్యాస్ మీద మొదటి వాయి నీకేనని తెచ్చా. అమ్మా, అయ్యలూ, మీరూ తీసుకోండి. ఈ అబ్బాయి మా పేట నాయకుడు. ఇవాళ గ్యాస్ తెప్పించింది ఇతనే."

నికాసియో ఆవిడ దగ్గరికి పరిగెత్తి చెవిలో బతిమాలాడు. "చెప్పండి దొన్యా, రోడ్డు మీద అంత గట్టిగా అరిచింది నేనేనని చెప్పండి."

"అరిచావు నాయనా, ఎందుకు అరవలేదూ. చాలా బాగా అరిచావు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. నువ్వన్నది నేను వెనకవాళ్ళకి చెప్పా."

"పోనీ పొద్దున మేడ మీద?"

"మేడ మీదా అంతేగా. దుప్పటి అవతల ఎవరో నిద్రలో మూలిగినట్టు గ్యాస్ అన్నావు. గ్యాసనే మాట వింటే నేనాగుతానా? పిట్టగోడ దగ్గరికెళ్ళి వీధందరికీ చెప్పొద్దూ?"

నికాసియో వేదిక మీదే కూలబడ్డాడు. పొద్దున్నుంచీ తను సాధించిన వీధి, రోడ్డు, వంతెన, డొక్కలో తగలడం, అన్నీ ఒక్కొక్కటే ఆవిడ ఖాతాలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాయి.

మేడం అతని వంక చూడనైనా లేదు. "అమ్మా, ఒక్కసారి ఆ గోడవైపు తిరిగి గ్యాస్ అంటారా?"

"వచ్చేసిందిగా గ్యాస్?"

"అయినా అనండి."

దొన్యా చోనా భుజాలెగరేసి అంది. పైకప్పు నుంచి దుమ్ము రాలింది. పక్క వీధిలోంచి ఎవరో "ఎక్కడా?" అని అడిగారు.

"మా ఏడాది చివరి నాటకంలో రాణి వేషం ఉందమ్మా," అన్నారు మేడం, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని. "మూడేళ్ళుగా మనిషి దొరక్క ఆ నాటకం వాయిదా వేస్తున్నాం. మీరు వెయ్యాలి."

"నేనా? నాకు పెనం ఉంది కదమ్మా."

"సాయంత్రాలే వద్దురు గాని."

దొన్యా చోనా కాసేపు ఆలోచించి, నేలమీద కూర్చున్న నికాసియోని చూసింది. "మా అబ్బాయిని పాస్ చేస్తారా మరి?"

"అతనికి గొంతు లేదమ్మా."

"నాకుందిగా. ఇద్దరికీ సరిపోతుంది."

మేడం నోరు తెరిచి మూశారు, అచ్చం నికాసియోలాగే. నోటి నిండా గోర్దితాతో ఉన్న పరీక్షకుడు చెయ్యెత్తి, "పాస్ చేసెయ్యండి మేడం, చల్లారిపోతున్నాయి," అన్నాడు.

అలా నికాసియో పాసయ్యాడు. ఆ ఏడాది చివర్లో నాటకం ఆడినన్ని రోజులూ హాలు కిటకిటలాడింది. దొన్యా చోనా రాణి, నికాసియో ఆవిడ ద్వారపాలకుడు. నాటకం మొత్తానికి అతనికున్నది ఒకే ఒక్క మాట, అది కూడా రోజూ ఆవిడే అనేసేది.